కువైట్ గౌను

ఏటా ఒకసారి మేం ముగ్గురం, అంటే నాన్న, మామ్మ, నేను, రాజోలు వెళ్లి స్టూడియోలో ఫొటో దిగేవాళ్లం. ఎవరేం కట్టుకోవాలన్న గొడవ మాకు లేదు. కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన అమ్మ ఏం పంపితే అవే. నాన్నకి చొక్కా గుడ్డ, మామ్మకి భుజం మీద నిలవని నైలాను చీర, నాకు గౌను. సెలవుకి వచ్చే ఎవరో ఒకరి పెట్టెలో వచ్చేవి. వాళ్లు తిరిగి వెళ్లేలోగా అవి తొడుక్కుని, ఫొటో దిగి, ఆ ఫొటో వాళ్ల చేతికివ్వాలి. అందాయని అమ్మకి అదే రసీదు.

అమ్మ వెళ్లేటప్పటికి నాకు ఆరేళ్లు. గౌన్లు ఆ ఆరేళ్ల పిల్లకే వస్తుండేవి. నా ఎనిమిదో ఏట వచ్చినదానికి వీపు దగ్గర జిప్పు పడలేదు. మామ్మ బ్లేడుతో వెనక కుట్లు విప్పేసి, పాత గుడ్డముక్క అడ్డంపెట్టి పిన్నీసులు గుచ్చింది. ముందునుంచి చూస్తే ఏ లోటూ లేదు. "కొలిచి కుట్టినట్టుందండి అత్తయ్యగారూ" అని అమ్మ ఉత్తరం రాసింది. మరుసటేడు మళ్లీ అదే సైజు పంపింది. మామ్మకి చదువు రాదు కాబట్టి ఉత్తరాలు చదివేది నేనే. నన్ను చూసి అమ్మ మురిసిపోయిన మాటలు నేనే పైకి చదవాలి. ఒళ్లు మండిపోయేది.

"సరిపోలేదని రాస్తే ఏంటంట?" అని ఒకసారి అడిగేశాను.

"పిల్ల ఎదిగిపోతందని తెలిత్తే అదక్కడ ఉంటాదే? పరిగెత్తుకొచ్చేత్తాది. కొత్తింటి గోడల మీద శ్లాబు ఎవరేత్తారు?" అంది మామ్మ.

నోరు జారిందో, పసిదాన్ని నాకేం తెలుస్తుందనుకుందో గానీ, ఆ మాట నేను పట్టేసుకున్నాను. అమ్మ రావాలంటే నేనెంత ఎదిగానో అమ్మకి కనబడాలి. అంతే.

పదకొండో ఏట వచ్చిన గౌను గులాబీ రంగుది, ఛాతీ నిండా పూసలు. బస్సులో నలుగుతుందని సంచిలో పెట్టుకుని, నేను మామూలు పరికిణీ జాకెట్టుతోనే బయల్దేరాను. స్టూడియోలో కర్టెను వెనక మామ్మ కుట్లు విప్పింది, నన్ను అందులోకి దూర్చింది, పిన్నీసులు పెట్టింది.

"రెడీయేనాండీ?" అని అవతలనుంచి ఫొటోగ్రాఫరు అడిగాడు.

"ఆయ్, వచ్చేత్తన్నారండి" అన్నాడు నాన్న.

నేను రెండు చేతులూ నెత్తి మీదకి ఎత్తి, గుండెల నిండా ఊపిరి పీల్చాను. చంక దగ్గర మొదలై నడుం దాకా పర్రుమని చిరిగింది. పూసలు నేలంతా దొర్లాయి. మామ్మ నా వీపు మీద ఒక్కటి వేసి, "మొండి పీనుగా" అని తిట్టి, చతికిలబడి పూసలు ఏరుకుంది. నాకు ఏడుపు రాలేదు సరికదా, అమ్మని సగం దూరం లాక్కొచ్చేసినంత సంబరంగా ఉంది.

ఫొటో పట్టుకెళ్లే మనిషి ప్రయాణం దగ్గర పడింది, ఇంకో గౌను లేదు. పరికిణీతోనే నిలబెట్టారు. నేను మునివేళ్ల మీద లేచాను. ఫొటోలో నా తల నాన్న భుజం దాటింది.

ఇంక ఎప్పుడు బస్సు ఆగినా గుమ్మంలోకి పరిగెత్తడమే. రెండు నెలలకి ఉత్తరం వచ్చింది. నాన్నా మామ్మా ఎదురుగా కూర్చున్నారు. చదివాను.

"ఫొటో అందిందండి అత్తయ్యగారూ. పిల్లని పోల్చుకోలేకపోయేనండి. ఇంకా పసిదే, నేను లేకుండా ఎలాగని ఈ వేసంగికి వచ్చేద్దామనుకుని ఇక్కడి మేడమ్‌కి చెప్పేసేను. ఇంత పెద్దదైపోయేక ఇంక నాకు బెంగ లేదండి. దాని పనులు అదే చేసుకుంటాది. అందుకని ఇంకో మూడేళ్లకి ఒప్పుకున్నాను. గౌన్లు పంపనండి, దాని సైజు ఇంక నాకు తెలీదు."

"మంచిదే, శ్లాబు పడిపోద్ది" అన్నాడు నాన్న.

వచ్చేసేదే. నన్ను చిన్నపిల్లననుకున్నంతకాలం అమ్మ రావాలనే అనుకుంది. నా చేతులారా నేనే ఆపేశాను. ఆ సంగతి ఆరోజు ఎవరికీ చెప్పలేదు, తర్వాత అమ్మకీ చెప్పలేదు.

మూడేళ్లు కాస్తా ఏడేళ్లయ్యాయి. అమ్మ వచ్చేసరికి నిజంగానే నాకు అమ్మతో పనిలేకుండా పోయింది.