వద్దని చెప్పగలిగిన చోటు

మొన్న ఎండాకాలం సరుకు దిగింది. కూలర్ల మీద కప్పే నైలాన్ కవర్ల కట్ట విప్పుతుంటే ఆ గుడ్డ నా చేతుల్లోంచి సర్రున జారి కౌంటరు మీద నుంచి నేల దాకా పరుచుకుంది. కొత్త నైలాన్‌కు ఒక వాసన ఉంటుంది, కొంచెం నూనె, కొంచెం వేడెక్కిన ఇస్త్రీపెట్టె. ఆ వాసనా ఆ చప్పుడూ కలిసేసరికి నేను కోరుట్లలోని మా దుకాణంలో లేను. మోకాళ్ల మీద కూర్చుని, రెండు మోచేతులతో గుడ్డలోంచి గాలిని తరుముతున్న ఒక మనిషి పక్కన ఉన్నాను. ఆయన పేరు రాజేశం. సిరిసిల్లలో సంచులూ జెండాలూ కుట్టేవాడు. నేను కాకా అని పిలిచేదాన్ని. విమానంలోంచి దూకడం ఎక్కడ నేర్చుకోవాలో నాకు తెలిసేలా చేసినవాడు ఆయనే. జన్మలో ఒక్కసారి కూడా దూకనివాడూ ఆయనే.

ఈ దూకడం సంగతి మా ఇంటికి ఎలా వచ్చిందో ముందే చెప్పాలి, లేకపోతే నాదేదో గొప్ప సాహసమని మీరు పొరబడతారు. మాది మిక్సీలూ గ్యాసు పొయ్యిలూ అమ్మే దుకాణం. ఒక ఏడాది బాగా అమ్మామని కంపెనీ మాలాంటి దుకాణాల వాళ్లందరినీ థాయిలాండ్ తీసుకుపోయింది. బాపుకు పరాయి దేశపు తిండంటే భయం, నన్ను పంపాడు. అక్కడ మాకు మొసళ్ల పార్కు ఒకటి, పడవలో విందు ఒకటి రాసిపెట్టారు. ఆ రెండూ నాకు వద్దు, వాటికి బదులు ఏమిస్తావని గైడును పొద్దుటి నుంచి పీడించాను. చివరకు అతను విసిగి, శిక్షకుడి పొట్టకు కట్టేసుకుని ఆకాశంలోంచి దూకే టికెట్టు ఒకటి నా చేతిలో పెట్టాడు. మొసళ్లూ విందూ కలిపినా దాని ధరకు తూగవు. ఆ లాభం కోసమే ఎక్కాను. తలుపు దగ్గర గొంతు పోయేలా అరిచాను. కానీ పారాషూట్ తెరుచుకున్నాక ఒక నిశ్శబ్దం వచ్చింది. బేరాల మధ్య పుట్టి పెరిగినదాన్ని. ఎవరూ ధర అడగని, నేను ఎవరికీ చెప్పని అయిదు నిమిషాలు నాకు అవే మొదటిసారి.

ఇంటికొచ్చాక ఆ అయిదు నిమిషాలు నన్ను వదల్లేదు. ఒంటరిగా దూకడం నేర్చుకోవాలనుకున్నాను. పక్క రాష్ట్రంలో ఎవరో శిబిరం పెడుతున్నారని తెలిసి, అడిగిన దానికి బాగా తగ్గించి చేరాను. శిక్షణ ఎనిమిది మెట్లు. మొదట శిక్షకులు పక్కనే పట్టుకుని దూకుతారు, ఒక్కో మెట్టుకూ చేతులు వదులుతూ పోతారు. రెండు మెట్లు ఎక్కాను. రెండోసారి గాలిలో ఉండగా, ఎటు తిరగాలో కింద నుంచి చెప్పే రేడియో నా చెవి దగ్గర మూగబోయింది. ఎటు తిరగాలో తోచక కందిచేనులో పడి మడమ బెణికించుకున్నాను. ఆ వారమే వానలని శిబిరం ఎత్తేశారు. కుంటుకుంటూ వచ్చి ఆ కందిచేను కథను దుకాణంలో అందరికీ నవ్వుతూ చెప్పాను. లోపల మాత్రం విమానం పేరెత్తితే అరచేతులు చెమటలు పట్టేవి. మిగిలిన ఆరు మెట్లూ ఎక్కకపోతే ఆ భయం నాతోనే ముసలిదవుతుందని తెలుసు. ఎక్కడ ఎక్కాలన్నదే తేలలేదు.

రాజేశం కాక పరిచయమైంది ఆ రోజుల్లోనే. పండగకు కొనేవాళ్లకు మా దుకాణం పేరు అచ్చేసిన గుడ్డసంచులు ఇద్దామని సిరిసిల్ల వెళ్లాను. మగ్గాల చప్పుడు మధ్య చిన్న గది, రెండు కుట్టుమిషన్లు, ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం కండువాల గుట్ట. సంచికి ఇంతని ఆయన, కాదు ఇంతని నేను.

"నీ బేరం పాడుగాను, నన్ను గూడ సంచిల వేస్కొని పోయేటట్టున్నవ్," అన్నాడు.

"బరువు ఎక్కువైతవ్ కాకా, సంచులే చాలు."

నవ్వుతూ ఒక పెద్ద బ్యానరు మడత పెట్టడం మొదలుపెట్టాడు. నిలువునా మూడు మడతలు వేసి, దాని మీద బోర్లా పడుకున్నట్టు వంగి, మోచేతులతో గాలి పిండుతూ ముందుకు జరిగాడు. బట్టల దుకాణాల్లో ఎవరూ అలా మడవరు. శిబిరంలో పారాషూట్లు, అక్కడివాళ్ల మాటలో ఛత్రీలు, మడిచేవాళ్లు మడుస్తారు.

"కాకా, నువ్వు ఛత్రీలు మడిచినవా ఎక్కడన్న?" అని అడిగాను.

ఆయన మోచేతులు ఆగిపోయాయి. "నీకెట్ల తెల్సు బిడ్డా?"

మగ్గం మీద బతుకు నడవక గల్ఫ్ పోయాడట. మొదట రోడ్ల పని. తర్వాత విమానంలోంచి దూకే చోట ఊడ్చే పని దొరికింది. గుడ్డ పట్టుకునే తీరు చూసి మడిచే గదిలో కూర్చోబెట్టారు. పదకొండేళ్లు అదే పని. "నువ్వెప్పుడూ దుంకలేదా?" అంటే, "నాకు మేడ మీదికెల్లి కిందికి చూస్తెనే తల తిరుగుతది," అన్నాడు సిగ్గుపడకుండా. ఆ రోజు సంచుల ధర ఎక్కడ ఆగిందో నాకు గుర్తు లేదు. బేరం మరిచిపోయిన రోజులు నా జీవితంలో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

కొన్నాళ్లకు పాత శిబిరం వాళ్లు ఫోన్ చేశారు. కొత్త చోట మళ్లీ పెడుతున్నారట, మిగిలిన ఆరు మెట్లూ ఒక్క వారంలో పూర్తి చేయిస్తారట. పాత కస్టమరునని తగ్గించారు, నేను ఇంకా తగ్గించాను, ఫోటోలు ఉచితంగా ఇమ్మన్నాను, అదీ ఒప్పుకున్నారు. ఆ విజయం ఎవరికైనా చెప్పుకోకపోతే కడుపు ఉబ్బుతుంది కదా. సంచుల సాకు పెట్టుకుని సిరిసిల్ల పోయాను. కాక చివరి దాకా విన్నాడు.

"మంచిగ చేసినవ్. ఆడ ఛత్రి మడిచేది ఎవలు?"

"తెల్వదు."

"పెద్దది తెర్సుకోకుంటె చిన్నది ఒకటుంటది గదా. దాన్ని ఆఖరుకు ఎన్నడు ఇప్పి మడిచిండ్రో కార్డు మీద రాస్తరు. చూసినవా?"

"లేదు."

"పోయినసారి రేడియో ఎందుకు బందయిందో అడిగినవా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"మరి నువ్వు దేన్ని బేరం చేసినవే? మీ దుకాణంల మిక్సీ కొనెటోడు వారంటీ కార్డు మీద ముద్ర ఉన్నదా లేదా అని నాలుగుసార్లు చూస్కుంటడు. నువ్వు పానం తీస్కపోయి ఇస్తున్నవ్, ఫోటోలు అడిగినవా?"

నాకు కోపం వచ్చింది. నిజం చెప్పాలంటే, ఆయన మాటకన్నా ఆ మాట నాకు ముందు తోచనందుకు. అక్కడే ఆయన ముందే ఫోన్ చేసి, చెప్పిన ప్రశ్నలన్నీ అడిగాను. అవతలి మనిషి తియ్యగా, "మేడమ్, మా దగ్గర ఇంతవరకు ఒక్క రోజు కూడా క్యాన్సిల్ కాలేదు, అందరూ పాస్," అన్నాడు. ఫోన్ పెట్టి గర్వంగా ఆ మాట చెప్పాను. కాక దారం కొరికి, "అయితె పోకు," అన్నాడు. "గాలి ఒక్కతీరుగ ఉంటదా? ఒద్దని చెప్పనోడు నిన్ను చూస్తలేడు, నీ పైసలను చూస్తుండు."

పాత శిబిరానికి పోవడం మానుకుని, ఇంకో చోటు పేరు వెతికి రాసుకున్నాను. అంతలో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు లేవు. జగిత్యాలలో రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. రోడ్డు ఆపేసి, అక్కడే వండి, అక్కడే తినడం. దానికి రెండు పెద్ద పొయ్యిలు ఇస్తామని చెప్పి స్కూటీ మీద వెళ్లాను. ఉద్యమం మీద ప్రేమ ఉంది, కాదనను. మా దుకాణం స్టిక్కరు జనం వైపు కనబడేలా పొయ్యిలు పెట్టించిన మాటా నిజమే. అక్కడ ఆగిపోయిన బండ్ల వరుసలో ఒక ట్రాలీ ఆటో. దాని మీద కండువాల మూటల మధ్య రాజేశం కాక.

"ఉద్యమానికి కండువాలు తెస్తుంటె ఉద్యమమే ఆపింది సూడు బిడ్డా!" అంటూ దిగాడు.

ఇద్దరం రోడ్డు మీదే విస్తర్లలో పప్పన్నం తిన్నాం. తిన్నాక ఆయన ఎటూ కదలని ఆ రోడ్డును ఆ కొస నుంచి ఈ కొస దాకా చూశాడు. "గింత జాగ నాకు గల్ఫ్‌ల గూడ దొరకలే," అని మూటలోంచి పొడుగాటి బ్యానరు గుడ్డ తీసి తారు మీద పరిచాడు. తాళ్లకు బదులు జనపనార సుతిలి కట్టాడు. పారాషూట్ ఎలా మడవాలో, తాళ్లు ఎలా సరిచూడాలో, గాలి ఎటు తొయ్యాలో నా చేత చేయించాడు. చుట్టూ జనం మూగారు. "ఏందే, గిది రాష్ట్రం అచ్చినంక కప్పేటి దుప్పటా?" అని ఒక ముసలమ్మ అడిగింది. "అవునవ్వా, నీకే ఫస్టు," అన్నాడు కాక.

మడుస్తూ మడుస్తూ ఒక సంగతి చెప్పాడు. ఎవరికీ చెప్పలేదట. గల్ఫ్‌లో ఒక రోజు ఇంటి నుంచి ఫోన్ వచ్చింది, చిన్నబిడ్డకు జ్వరమని. ఆ ధ్యాసలోనే మడిచిన ఛత్రి పైన సరిగా విచ్చుకోలేదు, గిరగిర తిప్పింది. దూకినతను దాన్ని వదిలేసి చిన్నదాంతో దిగాడు. నడుచుకుంటూ మడిచే గదికి వచ్చి, కాక పక్కన నేల మీద కూర్చున్నాడు.

"తిడతడనుకున్న బిడ్డా. కొడతడనుకున్న. మీ బిడ్డకు ఎట్లున్నదని అడిగిండు. ఎవలు చెప్పిండ్రో ఏమో. గా దినం నేను ఏడ్సిన ఏడ్పు మా అవ్వ సచ్చినప్పుడు గూడ ఏడ్వలే."

ఇద్దరం సుతిలి తాళ్లు సర్దాం. ఆ తర్వాత అక్కడి నుంచే, నేను పేరు రాసుకున్న మరో చోటికి ఫోన్ చేశాను. అది దక్షిణాన ఉన్న చిన్న శిక్షణ కేంద్రం. స్పీకరు పెట్టాను. అవతలి పెద్దమనిషి హిందీలో, ఏ తొందరా లేకుండా మాట్లాడాడు. ఛత్రీలు మడిచే గది తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, వచ్చి చూసుకోవచ్చు. చిన్నదాని కార్డు మీ చేతికే ఇస్తాం. కానీ ఇప్పుడు రావద్దు, ఈ కాలంలో గాలి కొత్తవాళ్లకు పనికిరాదు, రెండు నెలలాగి రండి. మీరు దూకి చాలా నెలలైంది కాబట్టి ఆ రెండు మెట్లు లెక్కలోకి రావు, మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఎంత తగ్గిస్తారని అడిగాను. "తగ్గించం," అన్నాడు.

నా జన్మలో అంత చెడ్డ బేరం ఎవరూ పెట్టలేదు. ఎక్కువ ధర, ఎక్కువ రోజులు, ఎక్కిన మెట్లు కూడా దిగాలి. ఫోన్ పెట్టి కాక వైపు చూశాను. ఆయన ముఖం చూస్తే పెళ్లి సంబంధం కుదిరినట్టుంది.

"గీడికే పో," అన్నాడు.

రెండు నెలలాగి వెళ్లాను. వెళ్లాక కూడా మూడు రోజులు గాలి బాగా లేదని కూర్చోబెట్టారు. నాలుగో మెట్టు తప్పాను, మళ్లీ చేయించారు. మొదటి రోజుల్లో తలుపు దగ్గర భయమేసేది, తర్వాత కూడా వేసేది. కానీ చెవి దగ్గర రేడియో ప్రతిసారీ పలికింది. ఎందుకంటే దూకేముందు ప్రతిసారీ ఒకరు దాన్ని నా చేత పలికించి విన్నారు. ఒక మాట దాచకుండా చెప్పాలి. పాత శిబిరానికి వెళ్లినవాళ్లకు ఏమీ కాలేదు. సగం ధరకు, వారం రోజుల్లో, అందరూ క్షేమంగా, ఫోటోలతో సహా ఇళ్లకు చేరారు. ఆ ఫోటోలు చూసినప్పుడు నా దుకాణపు రక్తం ఉడికిన మాట వాస్తవం.

చివరి రోజు నా పారాషూట్ నేనే మడవాలి. అప్పటికి అక్కడ పదిసార్లు మడిచాను, పక్కన ఎవరో ఒకరు చూస్తూ ఉండేవాళ్లు. శిక్షకుడు ఈసారి చివర్లో చూస్తానని వెళ్లిపోయాడు. సగంలో ఉండగా విమానం పిలుపు వచ్చింది. పది నిమిషాలే ఉంది, డబ్బు కట్టేశాను, అందరూ నడుస్తున్నారు. నా చేతులు మడుస్తున్నాయి, మనసు ఆ పది నిమిషాలను లెక్కపెడుతోంది. ఎడమవైపు తాళ్లు చూశానా, చూశాననుకున్నానా? సంచిలో దూర్చాక చూస్తే బయటికి ముద్దుగా, సరిగ్గానే ఉంది. శిక్షకుడు చూసినా పైనుంచి అంతే కనబడుతుంది. మూత వేయబోయిన చేతిని వెనక్కి తీసుకుని, మొత్తం బయటికి లాగి నేల మీద పరిచేశాను. విమానం వెళ్లిపోయింది. లోపల కూర్చున్న కుర్రాళ్లు నన్ను చూసి నవ్వుతూ చేతులూపారు. ఎడమ తాళ్లు చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మళ్లీ మొదటి నుంచి మడిచి, ఆ సాయంత్రం ఆఖరి విమానంలో ఎక్కి దూకాను.

సిరిసిల్ల వెళ్లి కాకకు సర్టిఫికెట్ చూపించాను. దాన్ని వేళ్లతో తడిమి, కాగితం మందంగా ఉందన్నాడు, అంతే. విమానం వదిలేసిన సంగతి చెప్పినప్పుడు మాత్రం మిషన్ ఆపాడు.

"తాళ్లు మంచిగనే ఉండెనా?"

"మంచిగనే ఉండె కాకా. ఉత్తగ పోయింది విమానం."

"ఉత్తగనా?" అన్నాడు. ఇంకేమీ అనలేదు. లేచి వెళ్లి, రెండు చాయ్‌లు చెప్పి వచ్చాడు. ఆయన నాకు చాయ్ పోయించడం అదే మొదటిసారి. అదే ఆఖరుసారి అవుతుందని నేను అనుకోలేదు. రాష్ట్రం రావడం చూశాడు, ఆ ఏడాది ఊపిరాడనంత పని ఉందని ఫోనులో చెప్పాడు. తర్వాతి ఏడాది చలికాలంలో పోయాడు.

నేను మళ్లీ ఎక్కువసార్లు దూకలేదు. పోయినవారం రాయికల్ నుంచి ఒకాయన వచ్చి, ఇంటి దగ్గర చుట్టాలున్నారు, గ్యాసు పొయ్యి వెంటనే కట్టివ్వమన్నాడు. గ్యాసు కారుతుందేమోనని సబ్బునీళ్లు పోసి చూస్తే గొట్టం దగ్గర బుడగ వచ్చినట్టుంది, రానట్టుంది. "ఇది ఇయ్యను, ఇంకోటి గోదాముల నుంచి రేపు తెప్పిస్త," అన్నాను. ఆయన గొణుక్కుంటూ ఎదురు దుకాణానికి పోయాడు. మెట్లు దిగుతున్న ఆ వీపును చూస్తూ, బేరం చేజారితే మా వంశంలో అందరికీ కలిగే బాధే నాకూ కలిగింది. గొంతు దాకా వచ్చింది పిలుపు. పిలవలేదు.