చిగురు వేసిన కోడు ముక్క

ముందే ఒప్పుకుంటున్నాను, నేను పెంచి చెప్పే మనిషిని. నేను పది అడుగుల పాము అంటే మా కడియంలో వినేవాళ్లు నాలుగుతో భాగించుకుంటారు. కొందరైతే వానపామేమోనన్న అనుమానం కూడా పెట్టుకుంటారు. ఇది రాస్తున్నప్పుడూ ఆ అలవాటు పూర్తిగా వదల్లేదు. ఒకచోట పచ్చి కల్పన ఉంది. ఎక్కడో చివర్లో నేనే చెప్పేస్తాను.

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. శ్మశానం పక్కనున్న మా గులాబీ మళ్లకు ఏళ్ల తరబడి ఒంటరిగా నీళ్లు పెట్టినవాణ్ణి. దయ్యమే ఎదురైతే రెండు క్రోటన్ కుండీలు అంటగట్టి పంపేవాణ్ణి. అలాంటి నేను ఒక శనివారం పట్టపగలు, పక్కన సాక్షి ఉండగా చూసినదానికి ఇవాళ్టికీ కారణం చెప్పలేకపోతున్నాను.

మాది మూడు తరాల నర్సరీ. మా నాన్న అంటు కడితే కరెంటు స్తంభమైనా చిగురు వేస్తుందని పేరు. నేను కడితే మాత్రం పచ్చటి కొమ్మ మూడో రోజుకే చీపురు పుల్లయ్యేది. నాకు నలభై ఏళ్లు వచ్చినా ఆయన నన్ను అంటు కత్తి ముట్టనివ్వలేదు.

"నువ్వు మొక్కలకి పేర్ల చీటీలు రాయరా సూరిబాబూ. చీటీకి ప్రాణం ఉండదు గాబట్టి నీ చేతిలో పోయేదేం లేదు," అనేవాడు, అదీ కూలీల ముందు. వాళ్లు నవ్వు దాచుకోడానికి కుండీల వెనక్కి వంగేవాళ్లు.

నాకున్న కోరిక ఒక్కటే. చచ్చేలోగా ఒక్కసారి ఆయన నోట "నీ చెయ్యి పట్టిందిరా" అనిపించుకోవాలి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మా సెంటర్లో పద్మ అనే అమ్మాయి ఇంటర్నెట్ షాపు పెట్టింది. కంప్యూటర్ కోర్సు చదివిన పిల్ల, మహా ఓపికమంతురాలు. కోడు ఒక్క ముక్క రానివాళ్లు కూడా వెబ్‌సైటు కట్టుకునే సదుపాయం ఉందని ఆమే చూపించింది. ఫొటో పెట్టె, అక్షరాల పెట్టె ఓ పక్కన వరసగా ఉంటాయి. కావలసినదాన్ని మౌస్‌తో పట్టి లాక్కొచ్చి, నచ్చిన చోట వదిలెయ్యడమే. కుండీలు సర్దినట్టే.

నాలుగు రోజులు కూర్చుని నా చేతులతో నేనే కట్టాను. పైన నర్సరీ పేరు, దాని కింద ఐదు మొక్కల ఫొటోలు, ఆ కింద అడ్రసు, అన్నిటికన్నా కింద తలపాగాతో మా నాన్న. మౌస్‌తో వెబ్‌సైటు కట్టిన మొదటి నర్సరీవాణ్ణి నేనే. మొదట 'ఆసియా ఖండంలో' అని కూడా రాశాను గానీ కొట్టేశాను. ఒక్కో ఫొటో తెరుచుకునేలోగా మల్లె కొమ్మ వేరు పట్టేసేది. అయినా ఆ పేజీ చూస్తే నా ఛాతీకి చొక్కా గుండీలు ఆగేవి కావు.

మొక్కల ఫొటోలు కదలకుండా ఉంటే నాకు నచ్చలేదు. అవి రైలు పెట్టెల్లా వరసగా పరిగెత్తాలి. అలాంటి పెట్టె ఆ సైటులో లేదు. కాకపోతే, సొంతంగా హెచ్‌టీఎంఎల్ కోడు అతికించుకునేవాళ్ల కోసం ఒక ఖాళీ పెట్టె ఉంది. పద్మ తన కోర్సు నోట్సులోంచి ఫొటోలను పరిగెత్తించే కోడు ఉన్న కాగితం తీసింది. అప్పుడు నాలోని మూడు తరాల నర్సరీ నిద్ర లేచింది.

"పద్మమ్మా, పైనుంచి రెండు వేళ్ల మేర, కిందనుంచి రెండు వేళ్ల మేర వదిలేసి నడిమి ముక్క మాత్రం కొట్టు."

"అదేంటండీ సూరిబాబు గారూ! పైనది వట్టి పేరే గానీ, పరిగెత్తమనే మాటకి ముగింపు కింద ఉందండి. అది వదిలేస్తే ఎక్కడ ఆగాలో తెలీదండి."

"అంటు కట్టే పుల్లకి చివర లేత, మొదలు ముదురు. నడుమదే పడుతుంది."

"అది మొక్కలకి కదండీ."

"ఇదీ అతికించడమేగా?"

"ఆయ్, మీ ఇష్టమండి," అని ఆ అమ్మాయి తొమ్మిది వరసలు కొట్టింది. వదిలేసిన ముగింపు కాగితం మీదే ఉండిపోయింది.

ఆ రోజు కూడా శనివారమే. ఈ ఘనకార్యం చూపించడానికి అప్పుడే మా నాన్నను తీసుకొచ్చి వెనక కుర్చీలో కూర్చోబెట్టాను. పేజీ తెరుచుకుంది. మందారం పరిగెత్తింది. సపోటా పరిగెత్తింది. నేను లేచి నిలబడ్డాను. ఆ వెనకే అడ్రసు పరిగెత్తింది. అడ్రసు వెనక తలపాగాతో సహా మా నాన్న పరిగెత్తాడు. బస్సు తప్పిపోతున్నా అడుగు తొందర చెయ్యని మనిషి, ఎడమ అంచులో మాయమై కుడి అంచులోంచి మళ్లీ వస్తున్నాడు.

"ఒరేయ్, నన్నెక్కడికి తోలేస్తున్నావురా?" అన్నాడాయన. కాసేపు తన పరుగు తానే చూసుకుని, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "ఇదీ ఎండిపోయింది," అనేసి వెళ్లిపోయాడు.

పద్మ ఆ కోడు తీసేయబోయింది. నేను మౌస్ మీద చెయ్యి అడ్డం పెట్టాను. కట్టిన అంటును ఇరవై ఒక్క రోజులు విప్పకూడదన్నాను. నిజానికి అది శాస్త్రం కాదు, ఉక్రోషం.

ఆ సాయంత్రమే పద్మ షాపుకు తాళం వేసి భీమవరం వెళ్లింది. అక్కకు పురుడు. సైటు తాళంచెవి లాంటి పాస్‌వర్డు ఆమె ఒక్కతికే తెలుసు. నాకు చెప్తే ఊరంతా చెప్పేస్తానని నాకూ చెప్పలేదు. కాబట్టి ఆ మూడు వారాల్లో నేను ముట్టుకోలేదు. ఆమె చంటిబిడ్డ దగ్గర్నుంచి కదల్లేదు, కంప్యూటర్ మొహమే చూడలేదు.

ఇరవై ఒకటో రోజు, మళ్లీ శనివారం, ఉదయం పదకొండింటికి ఇద్దరం కలిసే సైటు తెరిచాం. ఐదు మొక్కలు పరిగెత్తుతున్నాయి. అడ్రసు నిలబడి ఉంది. దాని కింద మా నాన్న కొండలా కదలకుండా నిలబడి ఉన్నాడు.

"మీరేమైనా ముట్టుకున్నారాండీ?" అంది పద్మ.

కోడు పెట్టె తెరిచింది. తొమ్మిది వరసలు ఉండాల్సిన చోట పన్నెండున్నాయి. కింద కొత్తగా మూడు. వాటిలో ఉన్నది మేం వదిలేసిన ముగింపే. కానీ కాగితం మీద ఆ ముగింపు పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది, మేం కొట్టిన తొమ్మిది వరసలూ పెద్ద అక్షరాలే. ఈ మూడు వరసలు మాత్రం చిన్న అక్షరాల్లో ఉన్నాయి. ముదురు కొమ్మ చివర లేత చిగురు ఉన్నట్టు.

పేజీ చివరిసారి మారిన తేదీ కూడా అందులోనే కనిపిస్తుంది. అది మేం అతికించిన శనివారమే. ఈ సదుపాయం ఇచ్చిన సైటు వాళ్లే సరిచేసి ఉంటారంది పద్మ. వాళ్లకు ఉత్తరం కూడా కొట్టింది. ఆ పెట్టెలో మీరు పెట్టినదాన్ని మేం ముట్టుకోం అని తర్వాత రెండు ముక్కల్లో జవాబొచ్చింది.

ఆ మూడు వరసలు కనిపించిన రోజే మా నాన్నను మళ్లీ పిలుచుకొచ్చాను. ఆయన తెర చూశాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు. రోడ్డు మీద వెళ్లే లారీలు ఆగిపోయేంత గొంతుతో, "నా కొడుకు చెయ్యి పట్టిందర్రా!" అని అరిచాడు. కూలీలు చప్పట్లు కొట్టారు. ఎవరో గోళీ సోడాలు తెచ్చారు.

ఇప్పుడు ఇచ్చిన మాట ప్రకారం కల్పన ఏదో చెప్పాలి. మీరు కోడే అనుకుంటున్నారు కదా? కాదండి. ఆ పన్నెండు వరసలూ నిజం. పద్మ తీసిచ్చిన ప్రింటు ఇప్పటికీ మా నర్సరీ గోడకు ఫ్రేములో ఉంది. ఎవరొచ్చినా మొక్కల కంటే ముందు దాన్నే చూపిస్తాను. అదెలా వచ్చిందో చదువుకున్నవాళ్లను ఎంతమందిని అడిగినా తేలలేదు. నాకూ తేలలేదు.

నేను కల్పించింది ఆ అరుపు. చప్పట్లు లేవు, సోడాలు లేవు. ఆ మాట ఆయన చివరిదాకా అనలేదు. అందుకే నేనే రాసుకున్నాను.

జరిగింది ఇంతే. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఆ మూడు వరసలను చాలాసేపు చూశాడు. "కట్టి ఎన్నాళ్లయిందమ్మా?" అని పద్మను అడిగాడు. "ఇరవై ఒక్క రోజులండి," అంది. తలూపి, సైకిలెక్కి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్న నేను చీటీలు రాసుకునే బల్ల మీద ఆయన అంటు కత్తి ఉంది. బొటనవేలు ఆనే చోట పిడి అరిగి గుంట పడిన ఆ పాత కత్తే. అప్పుడే కొత్తగా నూరి ఉంది.