ఆటలమ్మ, అక్క, ఐదో నెల

ఇప్పుడు మీకొక ఇతిహాసం చెప్పబోతున్నాను. ఇందులో దేవత ఉంది, ముట్టడి ఉంది, కోటలో ఇంకా పుట్టని ఒక ప్రాణం ఉంది.

సరే, అంత లేదు. తమిళం మాట్లాడే సూలూరు దగ్గర మా తెలుగింట్లో మూడేళ్ళ మేనకోడలికి ఆటలమ్మ పోసింది. దాని తల్లి, అంటే మా అక్క, అప్పుడు ఐదో నెల గర్భిణి. అంతే.

పొక్కులు కనిపించిన గంటలో అవ్వ గుమ్మానికి వేపకొమ్మలు కట్టించింది. ఆటలమ్మ తల్లి ఇంట్లో ఉన్నన్నాళ్ళు మా ఇళ్ళలో తాలింపు వేయరు, ఆ ఘాటు ఆమెకు పడదని. కడుపుతో ఉన్న మనిషని అక్కను వంటింటి వైపే రానివ్వలేదు. అంత జాగ్రత్తపడిన అవ్వే అక్కను పిల్ల పక్కన కూర్చోబెట్టి వేపమండతో విసరమంది. ఆవాల నుంచి కాపాడి, పొక్కులకు అరడుగు దూరంలో పెట్టామన్నమాట. మూడు రోజులు విసిరింది. మండలు కోసుకొచ్చింది నేనే.

నాలుగో రోజు అక్కకు పీలమేడు ఆసుపత్రిలో స్కాన్.

"తల్లి ఇంట్లో ఉండంగా గడప దాటేదేందిరా?" అంది అవ్వ.

"తల్లికి స్కాన్ లేదవ్వా, అక్కకుండాది."

అమ్మను పిల్ల దగ్గర ఉంచి, తిట్టుకుంటూనే అవ్వ మాతో కారెక్కింది.

పిల్ల సంగతి విని డాక్టరమ్మ తమిళంలో ఒకటే అడిగింది: చిన్నప్పుడు నీకు వచ్చిందా? వచ్చి ఉంటే దాదాపు భయం లేదు. రాకపోతే ఈ వైరస్ నీకు అంటుకుని, మావి దాటి బిడ్డను చేరవచ్చు. అరుదే, కానీ జరుగుతుంది. అక్క చెయ్యి కడుపు మీదికి పోయింది.

"మావి గోడ లాంటిది కదా మేడం, ఎలా దాటుతుంది?" అన్నాను. భయం కన్నా ముందు నాకు సందేహం వస్తుంది.

గోడ కాదట. గోడైతే బిడ్డకు తిండీ గాలీ అందవు. తల్లి రక్తం, బిడ్డ రక్తం కలవకుండా మధ్యలో పలచటి పొర. చాలా క్రిములను అది ఆపుతుంది. కొన్ని వైరస్‌లు మాత్రం ఆ పొర కణాల్లోనే చేరి, పెరిగి, అవతలికి పోతాయి. పాత జబ్బు తల్లి రక్తంలో మిగిల్చిన రక్షణ కూడా ఆ పొర దాటే బిడ్డకు అందుతుంది.

అవ్వకు మన తెలుగులో చెప్పాను. "అంటే చెరుపు చేసేదానికీ కాపాడేదానికీ ఒకటే వాకిలా?" అంది. అది తమిళంలో చెబితే, నాకన్నా బాగా చెప్పారంది డాక్టరమ్మ.

ఇంతకీ అక్కకు వచ్చిందా?

"వచ్చింది. పదైదు దినాలు తాలింపు లేని పప్పు తిన్నాము, నాకు తెలవదా?" అంది అవ్వ.

"అది వీడికి, అత్తా, దానికి కాదు," అంది ఫోన్లో అమ్మ.

నాకు గుర్తున్నదీ పప్పే. మా ఇంటి వైద్య చరిత్ర మొత్తం నాలుక మీద ఉంది, రోగి పేరు తప్ప.

రక్తం తీశారు. ఫలితానికి రెండు రోజులు. అక్క పిల్ల గదిలోకి పోకుండా వాకిట్లో కూర్చునేది.

"ఏరా, ఒక జోకన్నా వెయ్యవా?"

"రావట్లేదక్కా."

మూడో రోజు డాక్టరమ్మే ఫోన్ చేసింది. అక్కకు చిన్నప్పుడే వచ్చి పోయిందట, రక్తంలో రక్షణ ఉంది. అక్క మెట్ల మీద కూలబడి ఏడ్చింది. అవ్వ ఆకాశానికి దండం పెట్టింది. డాక్టరమ్మ ఇంకా లైన్లోనే ఉంది: హిమోగ్లోబిన్ కొంచెం తక్కువ, ఐరన్ మాత్ర కాఫీతో వేసుకోకూడదు, గంటసేపు ఆగాలి.