గేరుబాక్సు నడిమి అతుకు

హోసూరులో నేను మొదట పనిచేసిన డిజైన్ ఆఫీసుకు ఒకసారి ట్రాక్టరు గేరుబాక్సు పని వచ్చింది. బరువు పడితే దాని పైడొల్ల ఎక్కడ పగులుతుందో లెక్కగట్టాలి. అందుకు కంప్యూటరులోని బొమ్మనంతా లెక్కలేనన్ని చిన్న ముక్కలుగా అల్లాలి. ఆ అల్లికనే మెష్ అంటాం. ఆ రోజుల్లో ఒక్క కంప్యూటరుకు అంత మోసే ఓపిక ఉండేది కాదు. అందుకని బొమ్మను సగానికి కోసి, ఒక సగం నాకు, ఇంకో సగం బర్గూరు నుంచి వచ్చే సహోద్యోగికి ఇచ్చారు. రెండు కంప్యూటర్లూ ఒకేసారి అల్లుకుంటూ పోతే చివర్లో అతికిస్తాం. కోత మీద చుక్కలు, వాటి నంబర్లు ముందే ఖాయం చేసుకున్నాం.

తీరా చూస్తే అతకలేదు.

మా మేనేజరుకు కోపం ముక్కు మీదే ఉండేది. "మీ ఇద్దుర్లో ఎవురిది తప్పో వాళ్లు కంప్యూటరు వొదిలేసి మళ్లా చేత్తో గీసే డ్రాయింగ్ బోర్డు కాడికి పోండి. ఈ కుర్చీ కోసం శానామంది కాచుకోనుండారు" అన్నాడు. కెలమంగలం నుంచి రోజూ బస్సులో నిలబడి వచ్చేది ఆ కుర్చీ కోసమే.

"నాది సరిగ్గానే వచ్చిందమ్మా, నీదాంట్లోనే యాడో తప్పుంది" అన్నాడు బర్గూరాయన.

"ముందు నీది చూసుకోప్పా" అన్నాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. అయినా నా సగమంతా వెతికాను, ఏమీ దొరకలేదు. ఆయనకూ దొరకలేదు. అప్పుడు భయం కాస్త పక్కకు తప్పుకుని ఆశ్చర్యం పట్టుకుంది. రెండూ ఒప్పయితే ఎందుకు అతకదు?

కోత ముఖాలు రెండింటినీ ట్రేసింగ్ కాగితాల మీద ప్రింటు తీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, కిటికీ అద్దానికి ఆనించాం. చుక్కలన్నీ కలిశాయి. అయితే నాలుగు చుక్కల గడిని రెండు త్రికోణాలు చేయాలంటే మూల నుంచి మూలకు ఒక గీత కావాలి. నా కంప్యూటరు ఒక మూల నుంచి గీస్తే, ఆయనది పక్క మూల నుంచి గీసింది. చాలా గళ్లలో ఇంటూ గుర్తులు కనిపించాయి.

"ఇదేందమ్మా, రెండూ కరెక్టే గదా!" అని ఆయన పకపకా నవ్వాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ప్రతి గడిలోనూ అన్నిటికన్నా చిన్న నంబరున్న మూల నుంచే గీయమని రెండు కంప్యూటర్లకూ చెప్పాం. కోత మీది నంబర్లు రెండింటిలోనూ ఒకటే కాబట్టి ఇక ఒకదాన్నొకటి అడిగే పనే లేదు. సాయంత్రానికి అతుకు కుదిరింది.

"సరే, తప్పెవురిది?" అన్నాడు మేనేజరు.

"మా సగాల్లో లేదు సార్, నడిమిలో ఉండె" అన్నాం.

"ఆ నడిమి ఎవురిది?"

అంతవరకూ నాది సరిగ్గా ఉందంటే నాది సరిగ్గా ఉందని అరుచుకున్నాం. నడిమి సంగతి ఇద్దరం పట్టించుకోలేదు. కుర్చీ పోతే పోయిందనుకుని "నాది సార్" అన్నాను.

"నాది గూడా సార్" అన్నాడు బర్గూరాయన.

మేనేజరు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఇద్దుర్నీ పంపిస్తే ఇంక అతికించేదెవురు? పోయి కూర్చోండి" అన్నాడు.