పక్క దేశం చుట్టీలు

మా దొరసాని దేశంలో పండుగలు తక్కువ. పక్క దొరసాని దేశంలో ఎక్కువ. నా కడుపుమంటంతా అక్కడే మొదలైంది. ఈ వయసులో దాచుకునేదేముంది, ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

సిద్దిపేట నుంచి చిన్నకోడూరు పోయే బాటలో, ఊరు దాటగానే ఒక పెద్ద పెంకుటిల్లు. అందులో ఇద్దరు తెల్ల దొరసానులు ఉండేవారు. ఒకామెది డెన్మార్క్, ఒకామెది స్వీడన్. డెన్మార్క్ ఆమె జ్వరాలకూ పుండ్లకూ మందులిచ్చేది, స్వీడన్ ఆమె ఆడపిల్లలకు కుట్టుపని నేర్పేది. నా మొగుడు గత్తరతో, అదే కలరాతో, పోయిన మరుసటి ఏడు నేను డెన్మార్క్ దొరసాని దగ్గర పనికి కుదిరాను. వంట చేయడం, బట్టలు ఉతకడం, ఇల్లు ఊడవడం. స్వీడన్ దొరసాని దగ్గర అదే పనికి ఒక గీత కార్మికుని భార్య ఉండేది. నాకంటే పదేండ్లు పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. ఆమె ఇల్లు కేకేస్తే వినబడేంత దగ్గర. ముగ్గురు పిల్లలు. పొద్దుమూకితే వాళ్ల మధ్యనే పడుకునేది.

పనికి కుదిరిన రోజు నేనొక అబద్ధమాడాను. పిల్లలున్నారా అని అడిగితే లేరన్నాను. నాకు ముందున్న ఆమెను చంటిపిల్ల ఏడుపు పడలేక తీసేశారని విన్నాను మరి. నా బిడ్డకు అప్పుడు రెండేండ్లు. కోహెడలో మా అన్న ఇంట్లో విడిచి వచ్చాను. మా వదినకు పిల్లలు లేరు. కండ్లకద్దుకుని తీసుకుంది. ఈ సంగతి తరువాత అక్క ఒక్కదానికే చెప్పుకున్నాను.

ఆ ఇంట్లో చుట్టీల, అదే సెలవుల, పద్ధతి వేరు. ఏ దొరసాని దేశంలో పండుగైతే ఆ దొరసాని పనిమనిషికే చుట్టీ. రెండో మనిషి ఆ రోజు రెండు వైపులా పని చేయాలి. క్రిస్మస్ ఇద్దరికీ పండుగే, బదులు చేసే మనిషి ఉండదు కాబట్టి మా ఇద్దరికీ పనే. ఇక మిగిలినవి చూడండి. చుక్కను చూసుకుంటూ జ్ఞానులు వచ్చిన రోజని జనవరిలో స్వీడన్‌కు పండుగ. మరియమ్మకు దేవదూత కబురు చెప్పిన రోజని ఎండలు ముదరకముందే ఇంకొకటి. మే నెల మొదటి రోజు ఇంకొకటి. జూన్ నెలలో, పొద్దు అసలు గుంకనే గుంకదట ఆ దేశంలో, అందుకని ఏకంగా రెండు రోజులు. మా దొరసానికి అచ్చంగా తనదంటూ ఉన్నది ఒకే ఒక్క పెద్ద ప్రార్థన దినం, వేసవిలో ఒక శుక్రవారం.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "అమ్మగారూ, మీ రెండు దేశాలు పక్కపక్కనే అంటిరి. నడుమ సన్నని సముద్రమే అంటిరి. మరి వాళ్లకన్ని పండుగలేంది, మనకు గిన్నేంది?"

ఆమె నవ్వి చెప్పింది. వాళ్ల దేశంలోనూ పూర్వం ప్రార్థన దినాలు చాలా ఉండేవట. ఎవడో రాజు, పనులు చెడిపోతున్నాయని, అన్నింటినీ కలిపి ఒక్క రోజుకు కుదించాడట. ఎన్నడో చచ్చిపోయిన ఆ రాజును నేను తిట్టని తిట్టు లేదు. నా నోటి దాక వచ్చిన చుట్టీలను ఎత్తుకుపోయినవాడు వాడే కదా.

ఉన్న ఆ ఒక్క రోజూ నాకు అక్కరకు రాలేదు. ఆ శుక్రవారం రొట్టెలు కాల్చేవాళ్లు కూడా పని చేయకూడదట. అందుకని ముందు రోజు సాయంత్రమే గోధుమ రొట్టెలు ఇలాచీ వేసి కాల్చి, వేడివేడిగా తినాలి. కాల్చేది ఎవరు? నేను. ఆ పొయ్యి దగ్గర నుంచి లేచేసరికి చీకటి. కోహెడకు తెల్లవారుజామున బండెక్కితే చిన్నకోడూరు, అక్కడి నుంచి నడిస్తే పొద్దు వాలేటప్పటికి ఊరు. పోవడానికి ఒక రోజు, రావడానికి ఒక రోజు. ఒంటి చుట్టీని నేనేం చేసుకోను? అప్పుడూ ఇప్పుడూ బతిమిలాడుకుని, ఒంట్లో బాగాలేదని చెప్పి, ఏడాదికి రెండుసార్లు పోతే గొప్ప.

మా దొరసానికీ ఆ పక్కామె మీద కుళ్లు ఉండేదని నాకు తెలుసు. అప్పుడు పెద్ద యుద్ధం నడుస్తుండేది. మా దొరసాని దేశాన్ని పరాయి సిపాయిలు పట్టుకున్నారట. స్వీడన్ జోలికి ఎవరూ పోలేదట. స్వీడన్ ఆమెకు ఉత్తరాలు వచ్చేవి. మా ఆమెకు తన తల్లి నుంచి ముక్క రాలేదు. టపా మనిషి వచ్చినప్పుడు పక్కామె ఉత్తరం విప్పుతుంటే మా ఆమె మందు సీసాలు తుడుస్తూ నిలబడేది. తుడిచినవే మళ్లీ తుడిచేది.

జూన్ వస్తే స్వీడన్ ఆమె వాకిట్లో ఒక కర్ర పాతించి, మామిడాకులు, గన్నేరు పూలు చుట్టించేది. దాని చుట్టూ పాడుకుంటూ తిరగాలట. "మా బతుకమ్మ వచ్చిందే" అని అక్క మురిసిపోయేది.

"అక్కా, గీ రెండు రోజుల చుట్టీ నాకియ్యరాదు? నీ పిల్లలు రోజూ నీ ఒళ్లెనే ఉంటరు గదా" అని అడిగాను.

"ఏమే, అడిగి అడిగి చుట్టీ అడుగుతవా? మీ దొరసానినే ఇంకో పండుగ పుట్టియ్యమను. లేకుంటే నువ్వే స్వీడన్‌ల పుట్టకపోయినవ్" అని పకపక నవ్వింది.

ఆ నవ్వు నాలో ఉండిపోయింది.

తరువాతి ఏడు జూన్‌లో స్వీడన్ ఆమె పండుగకు వేరే ఊరి దొరసానుల దగ్గరికి పోయింది. బండెక్కేటప్పటికి అక్క ఇంకా పనికి రాలేదు. "రేపటి నుంచి రెండు రోజులు చుట్టీ అని ఆమెకు చెప్పు" అని నాకు అప్పగించింది. తల ఊపాను. అక్క వచ్చాక ఏమన్నానంటే, "మీ అమ్మగారు ఊర్లె లేదు గదా, ఈయేడు చుట్టీ లేదన్నది. నాకే రెండు రోజులు దొరికినయి, మా అమ్మగారి పని గూడ నువ్వే చూస్కో." మా దొరసానితో, "మేమిద్దరం చుట్టీలు మార్చుకున్నం" అన్నాను. ఆమె మంచిదంది. మరునాడు కోడి కూయకముందే బండెక్కాను.

కోహెడలో మా అన్న ఇంటి ముందర నా బిడ్డ మట్టితో ఆడుతోంది. నాలుగేండ్లు నిండాయి. నన్ను చూసి లేచి, నా దగ్గరికి కాదు, వాడలోకి పరుగెత్తింది. "మా ఇంట్ల పండుగ! పండుగామె వచ్చింది!" అని అరుస్తూ.

"ఇయ్యాల ఏం పండుగే పిల్లా?" అని వాడంతా నవ్వులు. నేనొచ్చినప్పుడల్లా మా వదిన బూరెలు చేసేది. నేనెవరో దానికి అట్లా గుర్తు. సాయంత్రం నేను అన్నం కలిపి పెడితే నోరు తెరవలేదు. వదిన వైపు తిరిగి, "అమ్మా, నువ్వు వెట్టు" అంది. వదిన నా ముఖం చూసి, "తిను బిడ్డా, గామెనే మీ అమ్మ" అంది. నవ్వు ఆపుకుంటూ అన్నదనిపించింది నాకు. అనిపించిందో, నిజంగానే నవ్విందో, ఈనాటికీ తెలియదు.

తిరిగి వచ్చిన మూడో రోజు స్వీడన్ ఆమె ఊరి నుంచి దిగింది. దిగుతూనే అక్కను అడిగింది, "పండుగ బాగా చేసినావా?"

"ఏం పండుగమ్మా? రెండు దిక్కుల పని జేసి నా నడుములు వడిపాయె!"

అక్కడితో నా బండారం బయటపడింది. అక్క కొంగు నడుముకు చెక్కి, ఇద్దరు దొరసానుల ముందే నా మీదికి వచ్చింది. "నా చుట్టీ మింగినవా? గిప్పుడు నీ సంగతి నేను జెప్తా. అమ్మగారూ, గీమెకు కోహెడల బిడ్డ ఉన్నది. లేదని మీకు అబద్ధం జెప్పింది!"

నా పని అయిపోయిందనుకున్నాను. మూట కట్టుకోవడమే మిగిలింది. మా దొరసాని నా వైపు తిరిగి అడిగింది.

"ఎన్ని యేండ్లు?"

"నాలుగు."

"నిన్ను అమ్మ అంటదా?"

"అనదు" అన్నాను. ఆ మాట అనేటప్పుడే ఏడుపొచ్చింది.

"తీసుకొని రా. అబద్ధం ఇంకొకటి వద్దు" అని లోపలికి పోయింది.

"గిదేంది! తప్పు జేసినోల్లకే ఇనామా?" అని అక్క నోరు తెరిచి నిలబడింది. ఆ కుళ్లు ఆమె ముఖంలో చూస్తే నాకు ఎంత హాయిగా ఉండిందో చెప్పలేను.

మంగళవారం పోయాను. ఏ దేశంలోనూ పండుగ కాని రోజు. బిడ్డ వదిన కొంగు పట్టుకుని వదలలేదు. ఒక్కొక్క వేలు నేనే విడదీశాను. బొబ్బలు పెడుతుంటే చంకనేసుకున్నాను. వదిన ఏడవలేదు. దాని రెండు లాగులు, ఒక రవికె మడత పెట్టి మూట కట్టి ఇచ్చి, వాకిలి దాకా వచ్చింది.

"మల్ల ఎప్పుడు తోల్కొస్తవే?"

రెండు దేశాల పండుగలూ నాకు నోటికే తెలుసు. జ్ఞానులది, మరియమ్మది, పొద్దు గుంకనిది, ప్రార్థనలది. ఏది ఎప్పుడో, ఎన్ని రోజులో అన్నీ తెలుసు. వదినకు ఒక్కటీ చెప్పలేదు. "చూస్తా" అని బాట పట్టాను.