పిలిస్తే పాత జావా పలికింది

రెండువేల ఏడులో నేను కర్నూలులో ఎమ్‌సీఏ చివరి ఏడాది చదువుతున్నాను. ప్రాజెక్టు పరీక్ష రోజు. అనంతపురం నుంచి వచ్చిన ఎగ్జామినర్ నా పక్కనే కూర్చున్నారు. ల్యాబ్‌లోని ఆ లినక్స్ కంప్యూటర్‌లో ముందురోజే నా ప్రోగ్రామ్‌కు కావలసిన కొత్త జావా సాఫ్ట్‌వేర్ వేశాను. అయినా నా ప్రోగ్రామ్ నడవలేదు. జావా వెర్షన్ ఏదని కంప్యూటర్‌ను అడిగితే పాతదే చూపించింది.

నా తర్వాత అక్కడే కూర్చోవలసిన షమీమ్ వెనక నుంచి గొణిగింది. "కొత్తది ఏస్తే సాలదుమే. జావా అంటే ఏది పలకాల్నో దానికి చెప్పల్ల."

నిజమే. మా వీధిలో ఇద్దరు మద్దిలేటిలున్నా, పేరు పెట్టి పిలిస్తే పెద్దాయనే పలుకుతాడు! షమీమ్ చెప్పిన కమాండ్ కొట్టగానే రెండు జావాలూ తెర మీద కనిపించాయి. కొత్తదాని పక్కనున్న రెండో నంబరు నొక్కాను. ప్రోగ్రామ్ నడిచింది.

ఎగ్జామినర్ కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "పాతది తీసేయకనే మారిందా? ఏదీ, మళ్లా పాతదానికి మార్చమ్మా, చూద్దాం."

మార్చాను. ప్రోగ్రామ్ మళ్లీ మొరాయించింది. ఆయన ముచ్చటపడి, మార్కులేసి, నన్ను పంపించేశారు.

షమీమ్ కూర్చుంది. తన ప్రోగ్రామ్‌కూ కొత్త జావానే కావాలి; అదీ నడవలేదు. నాకు దారి చెప్పిన పిల్లే బిత్తరపోయింది. పాతదాని మీదే వదిలేసి వచ్చానని గుర్తొచ్చి, పరీక్ష అన్న సంగతి మరిచి, గుమ్మంలోంచే "మల్లా రెండు నొక్కుమే!" అని అరిచాను.

"నొక్కమ్మా, అది నేను చేయించిన పనే" అన్నారు ఎగ్జామినర్, నవ్వు ఆపుకోలేక.

నాకంటే ముందు ఎవరు కూర్చున్నారో, ఏం మార్చి వెళ్లారో కనుక్కోకుండా ఈ రోజుకీ ఏ కంప్యూటరూ ముట్టుకోను.