చీపురుపల్లి దారిలో పచ్చదీపం

విజయనగరంలోని మా ప్రయోగశాల నుంచి శ్రీకాకుళం దాకా ఉన్న ఒక ఫైబర్ తీగ మీద నాలుగు నెలలుగా క్వాంటం తాళంచెవులు, అంటే సమాచారానికి తాళం వేసే రహస్య అంకెల వరుసలు, పంపుతున్నాం. ఒక్కో కాంతి కణంలో ఒక్కో అంకె వెళ్తుంది. దారిలో ఎవరైనా తొంగిచూస్తే కణం చెదురుతుంది, అవతల తప్పులు పెరుగుతాయి, తెర మీద పచ్చదీపం పోయి ఎర్రదీపం వెలుగుతుంది. రెండు ఆసుపత్రులు తమ రోగుల వివరాలను ఈ తాళంచెవులతో భద్రపరిచి పంపుకోవడానికి సిద్ధంగా ఉన్నాయి. ‘సురక్షితం’ అనే నివేదిక మీద ఆ సాయంత్రం నేను సంతకం పెట్టాలి. పుస్తకంలోని రుజువు ఎన్నిసార్లు చదివినా భయం తగ్గలేదు. అందులో తీగ ఉంది, రోడ్డు లేదు. అందుకే దారి చూడటానికి బయలుదేరాను.

ఉదయం ఏడు దాటాక ప్యాసింజర్ ఎక్కితే ముప్పావు గంటలో చీపురుపల్లి, టికెట్ ముప్పై రూపాయలు. మా తీగ బాగోగులు చూసుకునే అప్పన్నగారు స్టేషన్ బయట ఆటో మాట్లాడి ఉంచారు, రానూపోనూ మూడు వందలు.

“ఏటమ్మా, సంతకం ఎట్టే మేడమంటే పెద్ద మనిసనుకున్నాను. మా సిన్నపాపలాగున్నావు!” అన్నారు.

ఊరు దాటి నాలుగు కిలోమీటర్లు వెళ్ళాక, పొలం గట్టు పక్కన మా తీగ అతుకులుండే మోకాలెత్తు ఇనుప పెట్టె ఉంది. దాని తలుపుకు బైండింగ్ వైరు చుట్టి ఉంది.

“తాళం ఏది బాబాయ్?”

“తుప్పట్టీసింది. ఇక్కడికి ఎవులొస్తారమ్మా, గేదెలు తప్ప?”

ఆయన వైరు విప్పి, మా తీగ కొసను ఊడదీసి, పిడికిలంత పరికరానికి తగిలించారు. ఏం చేస్తున్నారని అడిగాను.

“లైటు కొడతన్నాను. సీకాకులం వైపు ముందర పెట్టి కాడ మావోడు తీగని కొంచెం వంచి, బయటికి కారే లైటుకి మీటరెట్టి సూస్తాడు. అందిందంటే తీగ బతికున్నట్టు. నెలకోపాలి ఇదే పని.”

ఆ లైటు మా తీగలోంచే శ్రీకాకుళంలో కణాలను అందుకునే యంత్రం దాకా పోతుంది. శ్రీకాకుళంలో యంత్రం ముందున్న నా స్నేహితురాలు ఉమకు ఫోన్ చేశాను.

“ఏ దీపం ఉందే?”

“పచ్చదే. తప్పులు సున్నా. ఏటే, గొంతు అలాగుంది?”

“కణాలు ఎన్ని అందుతున్నాయి?”

ఆమె తెర మీద లెక్క చూసింది. “ఒక్కటీ రావట్లేదే,” అంది.

మిణుగురును గుర్తుపట్టే కంటి మీద టార్చి వేసినట్టయింది. యంత్రానికి ఏమీ కనబడలేదు, కాబట్టి తప్పులూ కనబడలేదు. తప్పులు లేవని ప్రోగ్రాం దీపాన్ని పచ్చగానే ఉంచింది. ఆ ప్రోగ్రాం రాసింది నేనే. అప్పన్నగారి చోట తెలివైన దొంగ ఉంటే, అలా కళ్ళు చెదిరిన యంత్రం చేత, దారిలో తాను చదివిన అంకెలనే చదివించి, తాళంచెవికి నకలు తీసుకోగలడు.

మోటారుసైకిల్ మీద వెళ్తున్న ఒకతను వేగం తగ్గించి మావైపు చూశాడు. నేను పెట్టెకు అడ్డంగా నిలబడ్డాను. అతను వెళ్ళిపోయాడు.

“మళ్ళీ కొట్టండి బాబాయ్,” అన్నాను. మరో మూడుసార్లు కొట్టించాను. మూడుసార్లూ కణాలు సున్నా, దీపం పచ్చ.

“నా ఉజ్జోగం తీయించీవు గదా?”

“తప్పు నాది. మీ పేరు రాయను.”

“అయితే బయమెందుకు? దొంగోడికి నాలాగ పని రావాల గదా!” అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

చీపురుపల్లి నుంచి శ్రీకాకుళానికి బస్సులో గంటన్నర పట్టింది, టికెట్ అరవై రూపాయలు. మా యంత్రం అరసవల్లి రోడ్డులో ఒక అద్దె గదిలో ఉంది. నాలుగింటికి ఈ ప్రాజెక్టు నడిపే మా సార్ ఫోన్ చేశారు. ఆయన దగ్గర పనిచేసిన రెండేళ్ళలో ఒక్కసారీ ఎదురు చెప్పలేదు.

“సంతకం అయిందా?”

“పెట్టను సార్.”

“నాలుగు నెలల్లో ఒక్కసారీ ఎర్రదీపం రాలేదు కదమ్మా.”

“అదే భయంగా ఉంది సార్. ఈ నాలుగు నెలల్లో తీగను నాలుగుసార్లు ఊడదీశారు.”

ఆయన ఫోన్ పెట్టేశారు. కారణాలు రాసి పంపాను. ఇది రాసే సమయానికి జవాబు రాలేదు. ప్రాజెక్టు నాకు ఉంటుందో లేదో తెలియదు.

దొంగ ఉంటాడని భయపడి వెళ్ళాను. తన పని తాను చేసుకునే మంచి మనిషి కనిపించారు, మా యంత్రం ఆయన్ని ఒక్కసారీ గమనించలేదు. నా ప్రోగ్రాం కణాల సంఖ్యను దాచిపెట్టలేదు కాబట్టి, ఆ నాలుగు నెలల్లో ఇంకెవరైనా ఆ వైరు విప్పారా అన్నది ఇక ఎప్పటికీ తేలదు. ఆ భయం నాతోనే ఇంటికి వచ్చింది.

ఇలా తీగ వెంట వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క సూచన. అందుకునే యంత్రం దగ్గర ఒక మనిషిని ఫోన్‌లో ఉంచుకుని, నిమిషానికోసారి కణాల సంఖ్యను పైకి చదవమనండి. ఒక్కసారి సున్నా వినబడినా, అంతవరకు దాచుకున్న తాళంచెవులన్నీ పారేయండి.